పసుపు కొమ్ముల మెదడు

ఆ రోజుల్లో జీవశాస్త్రంలో నాకు తెలియనిది లేదన్న ధీమాతో తిరిగేదాన్ని. (డిగ్రీ చేతికొచ్చి ఏడాదైనా కాలేదు, ఆ మాత్రం పొగరు ఉండదా!) రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఆర్మూరులో ఒక జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ నన్ను డెమో క్లాసు చెప్పమన్నారు. అంశం మెదడు. పిల్లలకు అర్థమైతే ఉద్యోగం, లేకపోతే మా ఊరికి తిరుగు బస్సు. పసుపు తవ్వే రోజులు కావడంతో నాకో గొప్ప ఆలోచన తట్టింది. నడుమ మండ అనే తల్లిదుంప, చుట్టూ వేళ్లలా కొమ్ములు ఉన్న పచ్చి పసుపు గడ్డ అచ్చం నాడీకణంలాగే ఉంటుంది. అలాంటివి డజను ఏరి, కడిగి, నేనుంటున్న చిన్నమ్మ ఇంటి అరుగు మీద ఆరబెట్టి స్నానానికి వెళ్లాను.

వచ్చేసరికి మండలు ఒక గంపలో, కొమ్ములు ఇంకో గంపలో ఉన్నాయి. చిన్నమ్మ పసుపు ఉడకబెట్టే చోట కూలికి పోయేది. ఉడికించే ముందు కొమ్ములు విరిచి వేరుచేస్తారు కదా, అతుక్కుని ఉన్న గడ్డ కనబడితే ఆ చేతులు ఊరుకోవు. "ఊకె పడున్నయని ఇరిసిన బిడ్డా, గవి నీ సదువుకని నాకేం ఎర్క?" అంది. నేను కూర్చుని ఏడ్చాను. తను గోధుమపిండి తడిపి, కొమ్ముల్ని మండలకు అతికించి, ఆ రోజు పని మానుకుని నా వెంట కాలేజీకొచ్చింది.

క్లాసులోనూ చిన్నమ్మ కుదురుగా నిలబడలేదు. పిండి ఆరితే నీళ్లు చల్లింది. బల్ల మీద పరిచిన గడ్డల్లో ఒకదాని కొమ్ము పక్కదాన్ని అందుకోకపోతే ముద్ద పెట్టి కలిపింది, ఎక్కువైన కొమ్ముల్ని తుంచి కొంగులో వేసుకుంది. "ఆ పిండి ఏమిటమ్మా?" అని ప్రిన్సిపాల్ అడిగారు. "గ్లియా కణాలు సార్, నాడీకణాల మధ్య ఖాళీలు నింపుతాయి, అంతే" అన్నాను. (నా పుస్తకంలో వాటికి ఒక్క వాక్యమే.) చిన్నమ్మ ఆగలేకపోయింది. "అంతే అంటవేంది బిడ్డా? గది లేకుంటే గీ కొమ్ము గా కొమ్మును అందుకుంటదా?" పిల్లలు చప్పట్లు కొట్టారు. "ఈమె ఎవరు?" అన్నారు ప్రిన్సిపాల్ నవ్వుతూ. పసుపంటిన ఆమె చీర చూసి, "సాయానికొచ్చింది సార్" అన్నాను. చిన్నమ్మ నా వైపొకసారి చూసి, ఖాళీ గంప తీసుకుని మెల్లగా వెళ్లిపోయింది.

ఉద్యోగం వచ్చింది. కొన్నాళ్లకు ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని చదివాను. గ్లియా కణాలు తోడుంటేనే నాడీకణాలు ఒకదానితో ఒకటి సరిగ్గా కలుస్తాయట. వాటికి తిండీ నీళ్లూ అందేలా చూస్తాయట. అక్కర్లేని అతుకుల్ని తుంచేస్తాయని ఆ తర్వాత తెలిసింది. అన్నీ ఆమె ఆ రోజు చేసిన పనులే. మొదటిసారి చదివిన రోజే సిగ్గుతో ఇంటికెళ్లి, "ఆ రోజు తప్పు మాట అన్నాను చిన్నమ్మా" అంటే, "గా ముచ్చట నాకు యాదికే లేదు, బువ్వ తిందువు రా" అంది. (యాదికి ఉంది. నాకు తెలుసు.)

ఇప్పుడు మెదడు పాఠం గ్లియాతోనే మొదలుపెడతాను, "మా చిన్నమ్మ ఏం చెప్పిందంటే" అని. ఆ 'మా చిన్నమ్మ' అన్న రెండు మాటలు నోట రావడానికి, అన్నీ తెలిసిన ఆ పిల్లకు అంత చదువు కావాల్సి వచ్చింది.