ముక్కు వెనక పదును

మా ఊరి బస్సు ఆగే చోట పట్టపగలు ఒక మనిషిని నరికిన కత్తికి ఒక నంబరుంది. ఎనిమిది, రెండు, సున్నా, ఒకటి. ఆ నంబరు వేసింది నేను. కత్తి చేసింది మా నాయన.

మాది బత్తలపల్లె దగ్గర పల్లె. రెండువేల సంవత్సరం దాటాక వరుసగా వానలు ఎగ్గొట్టిన రోజులవి. శెనక్కాయ విత్తే దిక్కే లేనప్పుడు గుంటకకు పదును పెట్టించుకునేదెవరు? కొలిమి చల్లారింది. కమ్మరి పని తప్ప ఇంకో పని రాని నాయన పొద్దంతా పందిరి కింద కూర్చుని దారిన పోయేవాళ్లను తిట్టేవాడు. ఒకరోజు నేను బిందె దభీమని దించానని సుత్తి విసిరాడు. అది నా చెవి పక్కగా పోయి మట్టిగోడలో దిగబడింది. నేను సొంత తండ్రని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన నవ్వాడు, అమ్మ ఏడ్చింది. పని లేని కమ్మరి చేతికి సుత్తి అందకూడదని ఆ రోజు నాకు తెలిసింది.

అప్పటికి నేను డిగ్రీ చదివి, అనంతపురంలో ఒక ఇనుప సామాన్ల వ్యాపారి దగ్గర కాగితాలు రాసే పనిలో ఉన్నాను. ఆయనకు సముద్రం అవతలి నుంచి ఆర్డరొచ్చింది. తోటల్లో పొదలు, కంప నరకడానికి మచ్చుకత్తులు కావాలట. వాళ్లు పంపిన బొమ్మ చూస్తే, మా నాయన లారీ కమాన్ పట్టీలతో చేసే కత్తే. మూరెడు పొడవు, చివర వంకర ముక్కు. నేనే పట్టుబట్టి పని నాయనకు ఇప్పించాను. కొలిమి మళ్లీ మండింది. నాయన ప్రతి కత్తి పిడి దగ్గరా తన గుర్తుగా మూడు చుక్కలు కొట్టాడు.

సరుకు మద్రాసు ఓడరేవులో ఆగిపోయింది. కస్టమ్స్ వాళ్ల దగ్గర ఒక పెద్ద పుస్తకం ఉంటుంది. లోకంలో అమ్ముడుపోయే ప్రతి వస్తువుకూ అందులో ఒక నంబరుంటుంది. పారలు, కొడవళ్లు, గొడ్డళ్లు, మచ్చుకత్తులు, సేద్యానికీ అడవి పనికీ వాడే చేతి పనిముట్లన్నీ 8201. అదే ఖడ్గాలు, బల్లేలు అయితే ఎక్కడో తొంభై మూడో అధ్యాయంలో, తుపాకుల సరసన. పెట్టె విప్పిన అధికారి మా కత్తి ముక్కు చూసి జడుసుకున్నట్టున్నాడు. ఇది పనిముట్టని రుజువు చెయ్యండి, లేకపోతే ఆయుధాల కింద రాస్తాం అని ఉత్తరం పంపాడు. ఆయుధమైతే సరుకు వెనక్కి, నాయన మళ్లీ పందిరి కిందికి.

నాకు తిక్క రేగింది. కత్తిని ఒళ్లో పెట్టుకుని రెండు పేజీలు రాశాను. పదును లోపలి వంపుకే ఉంటుందని రాశాను. కొమ్మను ముక్కుతో లాగి నరికినప్పుడు చెయ్యి వెనక్కి వస్తుంది, వెనక కూడా పదునుంటే నరికేవాడి కాలే తెగుతుంది, అందుకని ముక్కు వెనక పదును ఉండదు అని రాశాను. రెండు వైపులా పదును కావలసింది మనిషిని నరికేవాడికే అని కూడా రాశాను. ఆ వాక్యం చూసి మా వ్యాపారి ముఖం చిట్లించాడు కానీ తీసెయ్యలేదు.

ఫొటో కూడా జతచెయ్యాలి కదా. మా వీధి చివరి ఇంటి అక్క వాళ్ల చేను గట్టున తుమ్మకంప పెరిగి ఉంటే, అక్కడ నాయన కంప కొడుతుండగా తీయించాను. అక్కా, ఆమె మొగుడూ కొమ్మలు పక్కకు లాగుతూ సాయం చేశారు. నేను ఉబ్బితబ్బిబ్బై నా రెండు పేజీలూ తెలుగులో చదివి వినిపించాను. అక్క నోరు నొక్కుకుని నవ్వింది. "ఒక కత్తికి ఇంత కతా మే!" అంది.

కాగితం గెలిచింది. 8201 అని ముద్రపడి సరుకు ఓడెక్కింది. మిగిలిన కత్తులు కొన్ని నాయన ఊళ్లోనే అమ్మాడు.

మరుసటి ఏడు పంచాయితీ ఎన్నికలొచ్చాయి. ఊరి పెద్దాయనకు ఎదురు నిలబడిన మనిషి తరఫున అక్క మొగుడు బూతులో ఏజెంటుగా కూర్చున్నాడు. వద్దని పెద్దాయన రెండుసార్లు కబురు పంపాడు. అతను వినలేదు.

ఓట్లు లెక్కపెట్టిన వారానికి, ఉదయం బస్సు కోసం మొగుడూ పెళ్లాం నిలబడి ఉంటే, పెద్దాయన దగ్గర పనిచేసేవాడు ఎదురొచ్చాడు. చేతిలో మచ్చుకత్తి ఉంది. కంప కొట్టడానికి పోతున్నాడనుకున్నారంతా. మొదటి దెబ్బ భుజం మీద పడింది. అతను అరిచి పక్కకు తిరిగాడు. వాడు కత్తి లాక్కుంటూ అదే ఊపులో వెనక్కి విసిరాడు. గొంతు తెగింది. అక్క తన కొంగు ఉండచేసి ఆ గొంతులో కుక్కింది. కొంగు తడిసింది, చెయ్యి తడిసింది, మనిషి పోయాడు. బస్సు వచ్చింది, ఆగలేదు. నేను సాయంత్రం వెళ్లేసరికి ఆమె మోచేతుల దాకా రక్తం ఎండి పెచ్చులు కట్టి ఉంది. కడగనివ్వలేదు.

పిడి దగ్గర మూడు చుక్కలున్నాయి కాబట్టి పోలీసులు నాయనను పట్టుకుపోయారు. "ఏం రా, ఫ్యాక్షనోళ్లకు కత్తులు చేసిస్తాండావా?" అంటూ రెండు రోజులు అరికాళ్ల మీద కొట్టారు. గోడ బయట నిలబడి ప్రతి దెబ్బా విన్నాను. మూడో రోజు కస్టమ్స్ కాగితం పట్టుకుపోయి ఎస్ఐ బల్ల మీద పరిచాను. సర్కారే దీన్ని సేద్యపు పనిముట్టని ఒప్పుకుందని గొంతు చించుకున్నాను. ఎస్ఐ ముద్రను వేలితో రుద్ది చూశాడు. "సరే, మీ నాయన్ను తీసకపో" అన్నాడు నాతో. "ఇది ఆయుధమని కోర్టులో తేలిందంటే మాత్రం నిన్నూ ఈ కేసులో కలుపుతా" అన్నాడు నాయనతో. నాయన కాళ్లు కింద పెట్టలేకపోయాడు. వీపున మోసుకుని ఆటో ఎక్కించాను.

ఆ కాగితం సంగతి ముద్దాయి తరఫున పెద్దాయన పెట్టిన లాయరు చెవిన పడింది. ఆయన వాదన సులువైనది. వాడు కూలివాడు, చేతిలో ఉన్నది పనిముట్టు, దారిలో మాటామాటా పెరిగింది, కోపంలో చెయ్యి విసిరాడు, పథకం వేసి చంపడానికి రాలేదు. ఆ కత్తి పనిముట్టేనని చెప్పడానికి నన్ను సాక్షిగా పిలిపించాడు.

బోనులో నా చేతికి కత్తి ఇచ్చారు. పిడికి చీటీ కట్టి ఉంది, మరకలు నల్లబడి ఉన్నాయి. కమ్మరి కూతురిని కదా, అలవాటుగా బొటనవేలు ముక్కు వెనక్కి పోయింది. చర్మం తెగింది.

వెనక పదునుంది. ఆకురాయి గీతలు ఎడమవైపుకు వాలి ఉన్నాయి. మా నాయనది ఎడమచేతి వాటం.

"మీరు కాగితంలో రాసిన పనిముట్టు ఇదేనా అమ్మా?" అన్నాడు లాయరు.

కాదంటే, వాడు చంపడానికే సిద్ధమై వచ్చాడని తేలుతుంది. ఆ పదును ఎవరు పెట్టారన్న ప్రశ్న కూడా వెంటనే వస్తుంది. నాయన వెనక బల్ల మీద ఉన్నాడు. నన్ను చూడకుండా తన కాళ్లు చూసుకుంటున్నాడు. ముందు వరసలో అక్క నన్నే చూస్తోంది. వేలు పిడికిట్లో దాచుకున్నాను.

"అవును, ఇదే" అన్నాను.

సర్కారు లాయరు ఏవో రెండు ప్రశ్నలడిగి కూర్చున్నాడు. ఆయన కత్తిని ముట్టుకోనైనా లేదు.

కోర్టు బయట వేపచెట్టు కింద అక్క చెప్పు తీసి నా మొహం మీద కొట్టింది. "ముక్కు ఎనక పదును ఉండదని నా గట్టు మీద నిలబడి నువ్వే సదివితివి గదా మే! మరి ఎనక్కి ఇసిరిన దెబ్బకు నా మొగుని గొంతు ఎట్ల తెగింది? సెప్పు!" మళ్లీ కొట్టింది. మూడో దెబ్బకు పెదవి చిట్లింది. ఎవరైనా ఒక మాటంటే పది అనే నేను, మొహం అలాగే పెట్టి నిలబడ్డాను. కొట్టీ కొట్టీ ఆమే కూలబడిపోయింది. నాయన దూరంగా నిలబడి చూశాడు.

బస్సులో నాయన అడిగాడు.

"సూసినావా?"

"సూసినా. ఏంటికి పెట్టినావు?"

"జాతరలో పొట్టేలు కొట్టాల అన్న్యాడు ఆ పెద్దాయన మనిషి."

"నమ్మినావా నాయనా?"

"నమ్మల్యా." ఆయన కిటికీ వైపు తిరిగాడు. "వాళ్లు అడిగినారు, నేను పెట్టినా. ఈ పొద్దు వాళ్లే అడిగినారు, నువ్వు సెప్పినావు. ఇంక నన్నేం అడుగుతావు లే."

ఆయన్ని బస్సులోంచి తోసెయ్యాలనిపించింది. తోసినా ఆ మాట నాతోనే ఉంటుంది.

వాడికి కోపంలో చేసిన హత్య కిందే శిక్ష పడింది. కొన్నేళ్లకే బయటికొచ్చి మా వీధిలో నడిచాడు. అక్క అప్పటికే చేను వదిలేసి పుట్టింటికి నల్లమాడ వైపు వెళ్లిపోయింది.

ఆ లోపలే రెండో ఆర్డరొచ్చింది. నేను మళ్లీ కాగితం రాశాను. 8201 అని వేశాను. ముక్కు వెనక పదును ఉండదన్న వాక్యం దగ్గర కలం ఆగిపోయింది, ఎంతసేపు కూర్చున్నా రాయలేకపోయాను. అది లేకుండానే పంపాను. ఈసారి ఓడరేవులో ఎవరూ ఏమీ అడగలేదు.