మరమేకు కట్టిన గరిటెల గోడ

మా చెల్లెలిని ఇంట్లో అందరూ మరమేకు అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. చిన్నప్పుడు రేడియో విప్పేసి, "లోపల మనిషి లేడే!" అని భోరుమన్న ఘనురాలు. పెద్దదయ్యాకా అదే బుద్ధి. చెంచాలూ, సీసా మూతలూ, పాత గొట్టాలూ పోగేసి ముట్టుకుంటే పలికే వస్తువులు చేస్తుంది. "ఇవెవరిక్కావాలే?" అంటే, "ముందు నువ్వు ముట్టుకో అక్కా" అంటుంది. నాకు ఒళ్ళు మండిపోతుంది. ముట్టుకోకుండా మాత్రం ఉండలేను.

ఈసారి దాని కన్ను అమ్మమ్మ గరిటెల మీద పడింది. అమ్మమ్మ పోయాక అవి పంచుకునే దగ్గరే అమ్మకీ పిన్నికీ చెడింది. పెద్ద గరిటె పిన్ని కొట్టేసిందని అమ్మ, మిగతావన్నీ అమ్మ ఊడ్చుకుపోయిందని పిన్ని. అప్పట్నుంచీ ఉప్పూ నిప్పే, మాటల్లేవు. మరమేకు ఇద్దరినీ విడివిడిగా బతిమాలి, "అమ్మమ్మ గొంతు వినిపిస్తా" అని మాటిచ్చి అన్నీ తెచ్చుకుంది. అమ్మమ్మ మాటలున్న పాత క్యాసెట్ ఒకటి దొరికిందట. అది కాస్తా పలకకపోతే ఆ అక్కచెల్లెళ్ళని మళ్ళీ ఒకచోటికి తేవడం ఎవరి తరమూ కాదు.

ఏం చేస్తోందో చూద్దామని అది పనిచేసే వర్క్‌షాపుకి వెళ్ళాను. లేజర్ మిషన్ ప్లైవుడ్ కోస్తుంటే మాడు వాసన. ఒక్కో గరిటె కాడనీ కంప్యూటర్లో గీసి, దాని వంపుకి సరిపోయే కొక్కేన్ని త్రీడీ ప్రింటర్లో తీస్తోంది.

"ఇంత తతంగమెందుకే, మేకు కొడితే పోలా?"

"అమ్మమ్మ గీకి గీకి వంచిన వంపక్కా ఇది. దానికి తగ్గట్టే ఉండాలి."

గరిటెలన్నిటికీ తీగలు తగిలించి లాప్‌టాప్‌కి కలిపింది. గరిటె ముట్టుకుంటే మూత చప్పుడు, ఇంకోటి ముట్టుకుంటే నీళ్ళు మరిగే చప్పుడు. చిన్నపిల్లలా అన్నీ తడిమి చూశాను.

ఆదివారం లైబ్రరీ హాల్లో గరిటెలు తగిలించిన ప్లైవుడ్ గోడ నిలబెట్టింది. అమ్మా పిన్నీ వచ్చి చెరో మూలా నిలబడ్డారు. అమ్మ ఒక గరిటె ముట్టుకుంది. చప్పుడు లేదు. పిన్ని ముట్టుకుంది. ఊహూఁ.

"ఈ సంబడానికా నన్ను రమ్మన్నావు?" అని పిన్ని గుమ్మం వైపు తిరిగింది.

మరమేకు లాప్‌టాప్ వంక చూసి నెత్తి కొట్టుకుంది. వర్క్‌షాపులో ఎప్పుడూ ఛార్జర్ పెట్టే పని చేసింది. గరిటె ముట్టుకున్న సంగతి పసిగట్టడానికి కావాల్సిన ఎర్త్ గోడకి ఆ వైరులోంచే అందుతోందని అప్పుడు తెలియలేదు. ఇక్కడ దగ్గర్లో ప్లగ్గు లేక బ్యాటరీ మీద నడుపుతోంది. ఎక్స్‌టెన్షన్ వెతికి తెచ్చేదాకా పిన్ని ఆగే రకం కాదు.

"ఒక్క నిమిషం పిన్నీ, నీకు దణ్ణం పెడతా!" అంటూ సంచిలోంచి స్టీలు మూత తీసి, మిగిలిన తీగ ముక్క చుట్టి, ఎర్త్‌కి బదులుగా గోడ ఎడమ చివర తగిలించింది. "ఒక చెయ్యి మూత మీద, ఇంకో చెయ్యి గరిటె మీద పెట్టమ్మా."

అమ్మ పెట్టింది. మూత చప్పుడు మోగింది! కానీ అమ్మమ్మ గొంతున్న పెద్ద గరిటె కుడి చివరన ఉంది. అమ్మ ఎంత సాగినా అందలేదు. తీగ ఇంక లేదు.

"మధ్యలో ఇంకో మనిషి కావాలి" అంది మరమేకు.

"నేను పట్టుకుంటాలే" అని నేను కదలబోతే నా కాలు కసిక్కున తొక్కింది. అప్పటికిగానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు.

పిన్ని పెద్ద గరిటె పట్టుకుంది. ఎటో చూస్తూ రెండో చెయ్యి అమ్మ వైపు చాపింది. అమ్మ వేళ్ళు తగిలాయి.

"ఇద్దరూ రండే, చల్లారి..."

పిన్ని ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. అమ్మమ్మ గొంతు ఆగిపోయింది. అమ్మ గబుక్కున పిన్ని చెయ్యి దొరకపుచ్చుకుంది.

"వదలకే," అంది, "వదిలితే అమ్మ ఆగిపోతోంది."