చిన్నత్తగారి దెయ్యాల కార్డులు

మా చిన్నత్తగారు పోయిన నెలలో, తోటలో రసాలు కోతకొచ్చిన వారంలో కన్నుమూశారు. పెద్దకర్మకు అచ్చు వేయించిన కార్డులో "నిరంతర దైవచింతనలో జీవితం గడిపిన" అని ఉంది. అది నిజం కాదు. రోజూ గుడికి వెళ్లేది నేను, జపమాల తిప్పేది నేను. ఆవిడకు దేవుడి మీద కోపమేమీ లేదు, తీరిక ఉండేది కాదంతే. ఆ తీరికంతా పాటలకీ దెయ్యాల సినిమాలకీ సరిపోయేది.

ముప్పై ఏళ్లకే భర్తను పోగొట్టుకున్న మనిషి. నూజివీడులో మా మామిడికాయల షెడ్డులో టేప్‌రికార్డరు పక్కన పెట్టుకుని, కూలీలతోపాటు కాయలు గడ్డిలో పేర్చేవారు. ఒక సినిమా పత్రికలో ఉత్తరాల పేజీ చూసి, తనలాంటి పిచ్చి ఉన్నవాళ్లకు కార్డులు రాయడం మొదలుపెట్టారు. మైలవరంలో ఒక కాంపౌండరు, రెడ్డిగూడెంలో ఒక రైతు, ఏలూరులో టైపు నేర్చుకునే ఒక అమ్మాయి. ఎవరినీ కళ్లతో చూసింది లేదు. ఏ సినిమాలో దెయ్యం నిజంగా భయపెడుతుందో, ఏ పాటలో రెండో చరణం ముందు వేణువు వినాలో రాసుకునేవారు. పాటలు ఎక్కించిన క్యాసెట్లు పార్సిళ్లలో తిరిగేవి.

"నీకు భయం వెయ్యదా అత్తా?" అని అడిగానోసారి.

"ఇంట్లో భయం రోజంతా ఉంటుందే అమ్మాయ్. హాల్లో భయం మూడు గంటల్లో అయిపోతుంది" అన్నారు.

ఒకరోజు పోస్టుమాను లోపలికి రాకుండా వీధిలోనే నిలబడ్డాడు. "మైలవరం నుంచి కబురమ్మా. బాగోలేదు" అంటూ కార్డు అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. "పెద్దకోడలు బావిలో పడి పోయింది" అని మొదటి వాక్యం. మైలవరంలో మాకు చుట్టాలున్నారు. ఆ పైన ఎవరమూ చదవలేదు. మా అత్తగారు అందరిచేతా తలస్నానాలు చేయించారు. జుట్లు తుడుచుకుంటుంటే షెడ్డు నుంచి చిన్నత్తగారు వచ్చి మిగతాది చదివారు: "మూడో రీల్లో తిరిగొస్తుంది. సెకండాఫ్ నీరసం. సంగీతం కోసం చూడండి."

"పోన్లే, శనివారం పూట తలంట్లు అయ్యాయి" అన్నారావిడ. ఆ తర్వాత దెయ్యాల కార్డులన్నీ నాలుగు మూలలా పసుపు రాసుకుని వచ్చేవి.

ఆవిడ పోయిన మూడో రోజు మా బావగారు నన్ను పిలిచారు. "ఆ కార్డులూ క్యాసెట్లూ బట్టలతోపాటు కాలవలో కలిపేయండమ్మా. భర్త లేని మనిషికి మగాళ్ల ఉత్తరాలేంటని ఎవరన్నా అడిగితే ఏం చెప్తాం?"

"నేను చెప్తానండి."

"ఏం చెప్తారమ్మా?"

"ఉన్నదే చెప్తాను బావగారూ."

ఆయన ముందు అంతవరకూ నేను ఎదురు మాట్లాడి ఎరగను. కార్డులూ క్యాసెట్లూ ఉన్న రేకు పెట్టె తీసుకెళ్లి నా దేవుడి గదిలో పెట్టుకున్నాను. మడి గది కనుక అక్కడ ఎవరూ ముట్టుకోరు. ముగ్గురికీ కబురు రాశాను.

పెద్దకర్మకు ముగ్గురూ వచ్చారు. గుమ్మంలో బావగారు ఆపారు. "మీరు ఏమవుతారండీ?"

కాంపౌండరు మిగతా ఇద్దరి వైపూ చూశాడు. "సినిమాలు చెప్పుకునేవాళ్లమండి."

"ఆవిడ మొహం ఎప్పుడన్నా చూశారా?"

"లేదండి. ఫోటో ఉంటుంది కదా, చూద్దామని వచ్చాం."

"ముందు చుట్టాలకి పెట్టండి. వీళ్ల సంగతి తర్వాత చూద్దాం" అన్నారు బావగారు నాతో. నేను మొదటి బంతిలోనే చుట్టాల మధ్య మూడు విస్తళ్లు వేసి, వాళ్లను కూర్చోబెట్టాను.

చుట్టాలు తిని లేచారు. ఈ ముగ్గురు లేవలేదు.

"ఇంటర్వెల్ దాకా దెయ్యాన్ని చూపించకపోతేనే భయమండి" అంటోంది ఏలూరమ్మాయి.

"పెద్దావిడ ఒప్పుకోలేదు కదండీ" అన్నాడు కాంపౌండరు.

"ఎందుకు ఒప్పుకుంటారు? రెండు కార్డుల నిండా నన్ను తిట్టారు" అన్నాడు రైతు. తిన్న చెయ్యి ఎండిపోయిందని కూడా అతనికి గుర్తు లేదు.

రెండో బంతి వాళ్లు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఈ ముగ్గురినీ లేవమన్నట్టు బావగారు గొంతు సవరించుకున్నారు. నేను పెరుగు గిన్నె తీసుకుని మళ్లీ ఆ ముగ్గురి దగ్గరికి వెళ్లాను.