నత్తక్క పేరులోని సంధి

మా బడి ప్రయోగశాలలో గాజుగొట్టాలు కడిగే ఆవిడను పిల్లలు నత్తక్క అనేవారు. నత్తి, అక్క కలిసి నత్తక్క, ఇత్వసంధి. ఆమె నోట మాట తడబడగానే ఎవరో ఒకరు అందుకొని పూర్తిచేసేవారు. ఆ మాట తనది కాకపోయినా ఆమె తల ఊపి ఊరుకొనేది. ఇరవయ్యేళ్లుగా అదే అలవాటు.

ఆ వానకాలంలో ఆమెకు పూలకుండీ మట్టిలో ముత్యాలంతేసి నత్తగుడ్లు దొరికాయి. తడిమట్టి పరచిన గాజుపళ్లెంలో వాటిని దాచింది. రోజూ ఒక గుడ్డును కుంచె కొసతో ఎత్తి, కిటికీ వెలుగుకు పట్టి, భూతద్దంలో చూసేది. నాలుగు రోజులు ఏమీ లేదు. ఆపైన మబ్బులో చుక్కలాగా ఒక నలుసు కనిపించింది.

పదోనాడు తోటమాలి బాబాయి వచ్చాడు.

"ఓహో! నా మొక్కల శత్రువుల్ని ఇక్కడ పెంచుతున్నావన్నమాట!" అంటూ పళ్లెం ఎత్తి, గొట్టాల కోసం మరుగుతున్న నీళ్లవైపు నడిచాడు.

"తి... తి..." అంది నత్తక్క.

"తింటాయనేగా? తెలుసులే తల్లీ! అందుకేగా ఈ వేణ్నీళ్ల స్నానం."

గుమ్మంలో పిల్లలు కిసుక్కుమన్నారు. ఈసారి ఆమె తల ఊపలేదు. దారికి అడ్డంగా నిలబడి, భూతద్దం ఆయన చేతిలో పెట్టి, ఒక గుడ్డును వెలుగుకు పట్టింది.

బాబాయి ఒక కన్ను మూశాడు. లోపల పలుచని పాలవంటి నీరు. అందులో ఒక ప్రాణి, నిద్రలో ఒత్తిగిలినంత మెల్లగా, తన చుట్టూ తాను తిరుగుతోంది. దాని వీపున, అప్పుడే పొడచూపిన గుల్ల. వానచప్పుడూ, బడిగంటా దూరమై, గది గదంతా ఆ గుడ్డులోకి వెళ్లిపోయినట్లయింది.

"తి..." అంది ఆమె మళ్లీ.

ఎవరూ అందుకోలేదు. బాబాయి అద్దంలోంచి కన్ను తీయకుండా ఆగాడు.

"...తిరుగుతోంది."

"తిరుగుతోందమ్మా," అన్నాడాయన గొంతు తగ్గించి. "పుట్టనీ. పుట్టాక మాత్రం నా తోట దరిదాపుల్లో ఉండకూడదు. గోడవతలి తుప్పల్లో వదిలేద్దాం."

మూడో వారంలో గుడ్లు చిట్లాయి. పిల్లనత్తలు బయటికి వస్తూనే తమ గుడ్డుపెంకునే కొరికాయి. గుల్ల గట్టిపడడానికి ఆ సున్నమే వాటికి ఆధారం.

"తింటాయన్నానా లేదా!" అన్నాడు బాబాయి.

మర్నాడు నా తెలుగు తరగతిలో పిల్లలను అత్వసంధికి ఉదాహరణ అడిగాను. వెనకబెంచీ అమ్మాయి లేచింది.

"నత్త, అక్క. నత్తక్క."

ఎవరూ నవ్వలేదు. గోడకవతల గాజుగొట్టాల చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.