ఊపిరి వదలడం నేర్చుకున్న భీమశంకరం

లక్డారంలో ఊపిరి మాట వస్తే భీమశంకరం పేరు రాక మానదు. చదివింది ఊరి బడిలో ఏడో తరగతి వరకే అయినా, కబడ్డీలో ఆయన కూత మొదలుపెడితే అవతలి జట్టు గీత దాకా వెనక్కి జరిగేది. సంగారెడ్డి పోటీల నుంచి ఊరికి కప్పు తెచ్చింది ఆయన జట్టే. బావిలో పడిన మోటారుకు తాడు కట్టడానికి వయసు పిల్లలు తటపటాయిస్తుంటే, ఒక్క మునకలో కట్టి పైకి వచ్చిందీ ఆయనే.

గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో చేరాక కూడా ఆ ఊపిరే ఆయనకు పేరు తెచ్చింది. రసాయనాలు ఉడికించే రియాక్టరు మూత తెరిచి పొడి పోసేటప్పుడు లోపలి నుంచి ఘాటు ఎగదన్నుతుంది. కంపెనీ ఇచ్చిన మాస్కును మెడలోనే వదిలేసి, గుండెల నిండా గాలి బిగబట్టి, బస్తా మొత్తం కుమ్మరించి, మూత వేశాకే ఊపిరి వదిలేవాడు శంకరం. కొత్తవాళ్లు నోరెళ్లబెట్టి చూసేవారు. హెల్పరుగా చేరి సీనియర్ ఆపరేటరు దాకా ఎదిగిన మనిషి. ఆయన చేతి మీద ఒక్క బ్యాచ్ చెడింది లేదు.

అలాంటి మనిషిని ఏటా చేసే పరీక్షలో కంపెనీ డాక్టరు ఆపేశాడు. బీపీ బాగా ఎక్కువగా ఉంది.

"మాత్రలు ఏసుకో. యోగా చెయ్యి. రెండు నెలలు గోదాంల పని చూసుకో, మల్ల పరీక్ష చేద్దాం. అప్పటికీ తగ్గకపోతే ప్లాంటుకు పంప. గేటు కాడ కూసోవాలె" అన్నాడు.

గేటు దగ్గర కుర్చీ! తన కింద పని నేర్చుకున్నవాళ్ల సంచులు వెతికి లోపలికి పంపడం. బీపీ కన్నా ఆ కుర్చీయే శంకరాన్ని ఎక్కువ కలవరపెట్టింది.

"పల్లె దవాఖానాల పొద్దుగాల యోగా చెప్తున్నరట, పో రాదు" అంది భార్య కౌసల్య.

"ఆడోళ్ల నడుమ నేను చాప పరుచుకోవాల్నా?"

"గేటు కాడ కుర్చీ ఏసుకునుడు కంటె నయమే గద."

మర్నాడు పొద్దున్నే చాప చంకన పెట్టుకుని వెళ్లాడు. యోగా చెప్పే చంద్రిక పటాన్‌చెరు నుంచి బస్సులో వస్తుంది. ఆయన బిడ్డ వయసు ఉంటుంది. శంకరం అక్కడ కూడా పందెం కట్టినట్టే చేశాడు. అందరూ చేతులు పైకెత్తే లోపే వంగి, లేచి, నిలబడేవాడు.

"ఏం మరిదీ, బస్సు పోతున్నదా?" అని వరుసకు వదినయ్యే నర్సింహమ్మ ఏడిపించింది.

ఒకరోజు ముందుకు వంగి లేస్తుండగా కళ్లు బైర్లు కమ్మాయి. చంద్రిక పరుగున వచ్చి కూర్చోబెట్టింది.

"కాకా, వంగినప్పుడు ఊపిరి ఏం చేస్తున్నవ్?"

"లోపల్నే పెట్టిన. ఎంతసేపైనా ఆపుత, చూస్తవా?"

"వద్దు కాకా. వంగేటప్పుడు వదలాలె. బీపీ ఉన్నోళ్లు బిగబట్టొద్దు."

"వదిలితే బలం ఏడికెల్లొస్తది?"

"బలం కోసం కాదు గద మనం వచ్చింది. ఇంట్ల ఏదన్న పని చేసేటప్పుడు జెర చూసుకో, అప్పుడు కూడ గిట్లనే బిగబడుతున్నవేమో."

ఆ రాత్రి అన్నానికి కూర్చుని పప్పు గిన్నె మూత తీశాడు. ముఖం పక్కకు తిరిగింది, ఊపిరి ఆగిపోయింది. అప్పుడు గుర్తించాడు. మూత మళ్లీ పెట్టి మళ్లీ తీశాడు. మళ్లీ అంతే.

"ఏంది ఆ ఆట?" అంది కౌసల్య.

"నేను ఎప్పుడూ గిట్లనే చేస్తనా?"

"కంపెనీల చేరినప్పటి సంది గిదే తీరు. మూత తీస్తే మొకం తిప్పుకుంటవ్. నా వంట వాసన నీకు పడదనుకున్న."

శంకరం చేతిలోని మూత పక్కన పెట్టాడు. డ్యూటీ దిగి ఇంటికి వచ్చింది తను ఒక్కడేనని, ఒళ్లు ఇన్నేళ్లూ ఆ రియాక్టరు దగ్గరే నిలబడి ఉందని అర్థమైంది. నిద్రలో దవడలు బిగుసుకోవడం, చిన్న మాటకే కస్సుమనడం, తెల్లవారినా తీరని అలసట, అన్నీ ఒకదాని వెంట ఒకటి కళ్ల ముందు నిలిచాయి.

మర్నాటి నుంచి పందెం మానేశాడు. వంగుతూ వదలడం, లేస్తూ పీల్చడం. కబడ్డీ కప్పు తెచ్చిన మనిషికి అంతకన్నా కష్టమైన పని ఎదురుకాలేదు. ఏమరుపాటున ఉంటే చాలు, ఊపిరి గొంతులో తాళం పడినట్టు ఆగిపోయేది. చంద్రిక "కాకా" అని మెల్లగా పిలవగానే వదిలేవాడు. పోనుపోను భుజాలు దిగాయి, నడుం పట్టు సడలింది. శవాసనంలో ఒకనాడు గురక పెట్టి అందరినీ నవ్వించాడు. ఇంట్లో కోపం వచ్చినప్పుడు కూడా ముందు గాలి వదిలి, తర్వాత మాట్లాడేవాడు. అప్పటికి సగం మాటలు అక్కర్లేకుండా పోయేవి.

రెండో పరీక్ష రోజు వచ్చింది. డాక్టరు చేతికి పట్టీ చుట్టి బిగిస్తుంటే శంకరం ఊపిరి బిగుసుకోబోయింది. గమనించి, మెల్లగా వదిలాడు. డాక్టరు ఒకసారి చూసి, ఇంకోసారి చూశాడు.

"మంచిగ తగ్గింది. మాత్ర ఆపొద్దు, యోగా ఆపొద్దు. సోమవారం ప్లాంటుకు పో. మాస్కు లేకుండ రియాక్టరు కాడ కనబడ్డవంటె మాత్రం నేనే గేటుకు పంపిస్త."

"పెట్టుకుంట సార్. గాలి బిగబట్టుడు బంద్ చేసిన."

బయట మల్లేష్ ఎదురుచూస్తున్నాడు. శంకరం దగ్గరే పని నేర్చుకున్నవాడు.

"ఏమన్నరే అన్నా? పొద్దుటి ఆరింటి షిఫ్టే గద?"

"కాదు. మధ్యానం షిఫ్టు ఇయ్యమని అడుగుత."

"ఎందుకే? ఎన్నడన్న మార్చమన్నవా నువ్వు?"

"పొద్దుగాల నాకు తీరిక లేదు" అన్నాడు శంకరం. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు. "నువ్వు గూడ రారాదు? నీ భుజాలు చూసుకున్నవా, చెవులకు తగులుతున్నయ్."