నా వేలి కింది కాగితం

పోయిన శ్రావణంలో రెండో ఆదివారం, పొద్దున సరిగ్గా పది గంటల నలభై నిమిషాలకు, పుప్పాలగూడలో ఒక బ్రోకరు నా వేలి కింది నుంచి కాగితం లాగేశాడు.

నాకు అక్షరాలు యాభై ఏడో ఏట వచ్చాయి. మనవరాలి ఒకటో తరగతి పుస్తకమే నా బడి. ఇప్పటికీ వేలు పెట్టి, పైకి చదివితేనే నాకు ఎక్కుతుంది. అందులో సిగ్గేమీ లేదు.

నిజాంపేటలో కిరాయికి ఉండి విసిగిపోయిన మా బిడ్డ, అల్లుడు ఆ రోజే టోకెన్ అడ్వాన్సు ఇచ్చేద్దామని నన్నూ మనవరాలినీ వెంటబెట్టుకుని వచ్చారు. తప్పు బ్రోకరును నమ్మితే ఇద్దరి ఇన్నేళ్ల కష్టమూ గంగపాలే. ఫ్లాటు మాత్రం గాలీ వెలుతురుతో బాగుంది. పాత దస్తావేజు నకలు తెలుగులో ఉందంటే అడిగి తీసుకుని చదవడం మొదలుపెట్టాను.

"పెద్దమ్మా, జర జల్దీ. నీ చదువు అయ్యేసరికి ఇల్లు వేరేటోళ్లు కొంటరు."

"కొననీ. వాళ్లన్న చదువుకుంటరు."

అప్పుడే లాగేశాడు. ఇంకో పార్టీ ఉందంటూ కారెక్కి పోయాడు.

"ఆయన మంచోడే అమ్మా, నువ్వే జర ఊకోవు," అంది బిడ్డ.

"మంచోడైతే కాగితం గుంజుకుంటడా?"

ఇక్కడ ఒకే ఇంటిని నలుగురు బ్రోకర్లు చూపిస్తారు. వాచ్‌మన్ ఫోన్ చేస్తే, పదకొండున్నరకు అదే ఫ్లాటు చూపించడానికి ఇంకొక బ్రోకరమ్మ స్కూటరు మీద వచ్చింది. గోదావరి వైపు మనిషి. అదే నకలు నా చేతికిచ్చి, టైల్స్ పెట్టె మీద కూర్చుంది.

"చదువుకోండి పిన్నిగారూ, తొందరేం లేదండి."

చదివాను. అల్లుడు రెండుసార్లు ఆవులించాడు. చివరకు హద్దులు వచ్చాయి. తూర్పు, ఇరవై అడుగుల బాట. ఉత్తరం, నాలా, అంటే వాననీళ్ల కాలువ.

"నాలా ఏడుంది బిడ్డా?"

ఆమె మొహం మాడిపోయింది. "విస్తీర్ణం వరకే చదివానండి. హద్దులు చూడలేదు, తప్పు నాదే. పదండి, చూద్దాం."

అందరం దిగి బిల్డింగు వెనక్కి నడిచాం. కార్లు పెట్టే చోట వరసగా సిమెంటు స్లాబులున్నాయి. మనవరాలు వంగి సందులోంచి చూసి, "అమ్మమ్మా, కింద నీళ్లు పోతున్నయ్!" అని అరిచింది.

"వానొస్తే సెల్లారంత నిండుతది," అన్నాడు వాచ్‌మన్.

"మరి చెప్పవేంది?" అన్నాను.

"ఎవ్వరడిగిండ్రు?"

"ఈ ఇల్లు మీకొద్దండి," అంది ఆమె. తన కమిషనూ పోతుందని తెలిసే అంది. నా మనసు అక్కడే కుదిరిపోయింది. పకపకా నవ్వాను.

"ఇల్లు పాయె, గింత ఖుషీ ఏందమ్మా?" అంది బిడ్డ.

"ఇల్లెక్కడికి పోతది? ఇగ ఈమె చూపిస్తది." ఆ మాటకు అందరూ నవ్వేశారు.

చూపించింది. దసరా నాడే కొత్తింట్లో పాలు పొంగించాం. ఆ ఇంటి కాగితం చదవడానికి నాకు గంటన్నర పట్టింది. నాలుగు హద్దులూ ఆమె నాతో పాటే నడిచింది.

ఆ ఆదివారం నాలా మీద నిలబడి నవ్వినవాళ్లం: నేను, మా బిడ్డ, అల్లుడు, నా పంతులమ్మ అయిన మనవరాలు, టైల్స్ పెట్టె దుమ్ము చీరకంటిన ఆ బ్రోకరమ్మ, అందరికన్నా గట్టిగా వాచ్‌మన్.