కారుకి పూలదండ

ఒక్క బంతిపూల దండ వల్ల నా ఉద్యోగం, దాంతోపాటు వీసా ఊడబోయిన వైనం చెబుతాను. నవ్వండి, ఫరవాలేదు. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను.

పదిహేనేళ్ల కిందట అమెరికాలో, అరోరా అనే ఊళ్లో ఉండగా కొత్త కారు కొన్నాను. పూజకి పంతులుగారు చెప్పిన మంచి రోజు సరిగ్గా మాజీ సైనికుల దినోత్సవం నాడు పడింది. బ్యాంకులకి సెలవే గాని మా ఆఫీసుకి లేదు. పొద్దున్నే మా మేనేజర్ కాథీకి ఫోన్ చేసి, నా మీద నాకే జాలేసేలా దగ్గి, జ్వరమన్నాను. పాపం, రెస్ట్ తీసుకోమంది.

గుడిలో పూజ అయింది. బానెట్ మీద బారెడు దండ, కుంకుమ బొట్లు, కారు పెళ్లికొడుకులా ఉంది. తిరిగొస్తుంటే దారిలో ఒక ఊళ్లో రోడ్డు మూసేశారు. పసుపు కోటు వేసుకున్న వాలంటీర్ మా దండ చూసి, నవ్వి, పక్కనున్న కార్ల వరసలోకి పొమ్మని చెయ్యి చూపించాడు.

"ఏవండీ, ముందున్నవన్నీ తాతల కాలం కార్లేంటి?" అంది మా ఆవిడ సునీత.

"డైవర్షన్. నాకు తెలుసు, నువ్వు మాట్లాడకు."

"డైవర్షన్‌లో బ్యాండ్ వాయిస్తారా?"

అప్పటికే ఆలస్యమైపోయింది. రోడ్డుకి రెండు వైపులా ఊరంతా కుర్చీలేసుకుని కూర్చుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో రోజుల్ని గుర్తుచేసే ఊరేగింపట. ఆ కాలపు పొడుగాటి కార్లు, వాటిలో పతకాలు పెట్టుకున్న ముసలి సైనికులు, మధ్యలో కుంకుమ బొట్లతో మేము! ఆఫీసు వాళ్లెవరైనా చూస్తే నా గతేం కాను? సీట్లో కిందికి జారిపోయి, కళ్లు మాత్రం స్టీరింగ్ పైకి పెట్టి నడిపాను.

ఇంతలో పోలీసు వచ్చి అద్దం తట్టాడు. నాకు నిజంగానే జ్వరం వచ్చింది.

"ముందు కారు ఆగిపోయింది. ఈయన్ని ఎక్కించుకుంటారా?" అన్నాడు.

కొరియా యుద్ధంలో పోరాడిన పెద్దాయన, పేరు వాల్టర్. సునీత వెనక్కి మారింది. ఆయన ముందు కూర్చుని అద్దం పూర్తిగా దించేశాడు.

"ఈ పూలు మాకోసమేనా?"

నేను నిజం చెప్పబోయాను. "మీకోసమే సార్," అనేసింది సునీత.

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "మేం తిరిగొచ్చినప్పుడు ఎవరూ ఒక్క పువ్వు కూడా ఇవ్వలేదు."

భయం సంగతి మరిచిపోయి, నిటారుగా కూర్చుని, ఆయనతోపాటు జనానికి చెయ్యి ఊపాను. ఊపిన చెయ్యి సరిగ్గా కాథీ ఎదురుగా ఆగింది. ఆవిడ ఒక చేతిలో జెండా, ఇంకో చేతిలో పాప్‌కార్న్. నేను కిందికి జారేలోపే ఆవిడ జెండా వెనక మొహం దాచేసుకుంది.

మర్నాడు కాథీ నా డెస్క్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అంది: "పన్ను పీకించుకోవాలని డైరెక్టర్‌కి చెప్పి వెళ్లాను. నువ్వు నన్ను చూశావా?"

"లేదు."

"నేనూ నిన్ను చూడలేదు."

ఇద్దరం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. మధ్యాహ్నం డైరెక్టర్ ఆ ఊరి పేపర్ తెచ్చి నోటీసు బోర్డుకి గుచ్చాడు. మొదటి పేజీలో పెద్ద ఫొటో. దండేసిన కారు, పళ్లన్నీ కనిపించేలా నేను, పక్కనే జెండా పట్టుకున్న కాథీ. కింద పెన్నుతో రాశాడు: "మీ ఇద్దరికీ త్వరగా నయం కావాలి."

ఆ సాయంత్రమే కర్పూరం వెలిగించి, సునీత సాక్షిగా ఒట్టేసుకున్నాను. అబద్ధమాడి సెలవు పెట్టిన రోజున, ఈ జన్మలో మళ్లీ కారుకి దండ వెయ్యను.